ఒంగిన బంతి

బస్సు ఈపాటికి ఈడుపుగల్లు దాటి ఉంటుంది, తొమ్మిదింబావుకి కంకిపాడులో ఎక్కి ఉంటే, ఆదివారం కాబట్టి కాలేజీ పిల్లల రద్దీ ఉండదు, త్వరగానే వచ్చేస్తుంది, ఎక్కి ఉంటే గనక. ఆ ‘గనక’ దగ్గరే హెప్సిబా ఆలోచన కాలికి రాయి తగిలినట్టు ఆగిపోతోంది, ఎందుకంటే నాన్న వస్తానని చెప్పలేదు, ఫోన్లో ఊఁ అన్నాడంతే, ఆయన ఊఁ కి పది అర్థాలుంటాయి, అందులో తొమ్మిది ‘రాను’ అనే. పటమట బస్టాపు పక్కనే మందుల షాపు నాన్నా, దాని మీద మేడ, ఒక్క గంట పనుంది, రా, అని చెప్పింది. మేడ మీద ఏముందో చెప్పలేదు. చెబితే ఊఁ కూడా అనేవాడు కాదు. పంతొమ్మిదేళ్ళు క్లబ్బులో బిలియర్డ్స్ గది తప్ప వేరే లోకం ఎరగనట్టు బతికిన ఎలీషా, పదకొండేళ్ళ కిందట ఆ గదిలోంచి బయటికొచ్చాక మళ్ళీ అలాంటి టేబుల్ ఉన్న చోట కాలు పెట్టలేదు. ఇప్పుడు ఆయన కూతురు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరరు, నెల మొదటి ఆదివారం పొద్దుటి ఆరాధన ఎగ్గొట్టి, ఇంకా ఆటగాళ్ళకి తెరవని పూల్ పార్లర్లో చెప్పులు విప్పి నిలబడి, పచ్చగుడ్డ పరిచిన టేబుల్ మీద చేతిరుమాలులో మూటగట్టిన పౌడరు దులుపుతోంది. అమ్మ చూస్తే ఏమంటుందో ఊహించుకుంటే నవ్వొస్తోంది గానీ, నవ్వితే చెయ్యి కదిలి పౌడరు ఒకేచోట కుప్పపడుతుందని బిగపట్టుకుంది.

పల్చగా పడాలి, దోసె మీద కారప్పొడి చల్లినంత పల్చగా, లేకపోతే బంతి దారి పౌడరే మార్చేస్తుంది. "మీరు పౌడరే పోస్తారో పసుపే పోస్తారో మీ ఇష్టం మేడం, ఈ గుడ్డకి ఇవాళే ఆఖరు, రేప్పొద్దున్నే గుంటూరు నుంచి మనిషొచ్చి పీకేస్తున్నాడు" అన్నాడు శివాజీ, షట్టరు సగం ఎత్తి ఆమెని లోపలికి రానిస్తూ. శివాజీ ఆమె మొదటి బ్యాచి పిల్లాడు, దొర్లే వస్తువుల పాఠం మొత్తం ఛాయిస్‌లో వదిలేసి పరీక్ష రాసినవాడు, ఇప్పుడు మూడు టేబుళ్ళు పెట్టుకుని ఆ దొర్లే బంతుల మీదే హాయిగా బతుకుతున్నాడు. దేవుడికి హాస్యం తెలియదని ఎవరన్నారు. గదిలో నిన్నటి సిగరెట్టు వాసన, మూల కూలర్లో పాచినీళ్ళ వాసన, టేబుల్ మీదకి వేలాడే మూడు దీపాలు. శివాజీ అటు కౌంటరు దగ్గర కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు గానీ చెవులు ఇటే ఉన్నాయని హెప్సిబాకి తెలుసు, క్లాసులో కూడా అంతే, పుస్తకం అటు, చెవులు ఇటు. ఈ మేడంకి ఇదేం పిచ్చి అనుకుంటున్నాడేమో. అనుకోనీ. తేలాల్సింది ఒక్కటే. కుషన్, అదే టేబుల్ అంచున ఉండే రబ్బరు గట్టు, దానికి తగిలి వెనక్కొచ్చే బంతి గీత గీసినట్టు తిన్నగా వస్తుందా, ఒంగుతుందా. ఒంగితే నాన్న నిజం చెప్పినట్టు. ఒంగకపోతే నాన్నని కిందనుంచే హోటలుకి తీసుకెళ్ళి, రెండు ఇడ్లీ పెట్టించి, ఊరికే చూడాలనిపించింది నాన్నా అని చెప్పి తిరుగు బస్సు ఎక్కించెయ్యడమే, ఇంకో పదకొండేళ్ళయినా సరే ఈ ఊసెత్తకూడదు.

మొదటి దెబ్బ కొట్టింది. కొట్టిందనడం కంటే పొడిచిందనాలి, క్యూ కర్ర పట్టుకోవడం చిన్నప్పుడు నాన్నని చూసి నేర్చుకున్నదే గానీ చేతికి అలవాటు లేదు. తెల్లబంతి రివ్వున పోయి కుషన్‌కి తగిలి అంతే వేగంగా అవతలి మూలకి పోయింది. పౌడర్లో గీత పడింది. వంగి చూసింది. తిన్నగా ఉంది. చెంప టేబుల్‌కి ఆనించి ఒంటికన్నుతో చూసింది, అప్పుడూ తిన్నగానే ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. ఒంగదు నాన్నా, అని పదహారేళ్ళప్పటి తన గొంతే వినపడింది, రెండు జడలు, చేతిలో రెనాల్డ్స్ పెన్ను, లోకంలో తనకి తెలియనిదేదీ లేనట్టు.

అంత తేలిగ్గా ఎలా అన్నావే నువ్వు. ఆ రోజు కూడా నాన్న పాత పద్ధతిలోనే మాట మొదలుపెట్టాడు, ముందు చొక్కా విప్పి మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని, అమ్మ పెట్టిన అన్నం కంచం జరిపి, "అమ్మాయ్, నువ్వు చదువుకుంటున్నదానివి, ఒకటి చెప్పు" అన్నాడు. క్లబ్బులో పోటీల ఫైనల్ అయిన సాయంత్రం అది. నాన్న అక్కడ మార్కరు, అంటే ఆటగాళ్ళ పాయింట్లు వేసి, తప్పు జరిగితే తప్పని చెప్పేవాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, చేతికి తెల్ల తొడుగులు. పెద్ద పెద్ద ఆఫీసర్లు, రైసుమిల్లుల వాళ్ళు కూడా ఆట మధ్యలో ఎలీషా ఏమంటాడా అని చూసేవాళ్ళు, ఆ గది బయటికొస్తే మాత్రం ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఆ ఫైనల్లో మాణిక్యం గారికీ జక్కయ్య గారికీ ఆట. మాణిక్యం గారి తెల్లబంతి నేరుగా ఎర్రబంతికి తగలడానికి దారి లేదు, మధ్యలో నల్లబంతి అడ్డం, ముందుగా దానికి తగిలితే తప్పు. ఆయన కుషన్‌కేసి కొట్టి తిప్పి తెచ్చి ఎర్రబంతికి తగిలించాడు. నల్లదానికి తగిలిందని జక్కయ్య గారు, తగల్లేదని నాన్న. జక్కయ్య గారు క్లబ్బులో పెద్ద మనిషి, ఇంజనీరు, కాగితం తెప్పించి గీత గీశాడు. కుషన్ మీద ఈ చోటు నుంచి ఎర్రబంతి దాకా తిన్నగా గీస్తే ఆ గీత నల్లబంతి మీదుగా పోతోంది, తగలకుండా ఎలా పోయిందయ్యా, చెప్పు, అన్నాడు. బంతి ఒంగి పోయిందండి, అన్నాడు నాన్న. గదిలో నవ్వులు. ఆ పైన మాణిక్యం గారు ఆ ఏడే ఎలీషా కూతురికి కాలేజీలో సీటు ఇప్పించిన సంగతి ఎవరో గుర్తుచేశారు. ఇక నవ్వులు లేవు. నాన్న ఒట్టు పెట్టాడట. మార్కరు ఒట్టు పెట్టినా ఆట ఫలితం మారిపోయింది, మర్నాటి నుంచి రానక్కర్లేదన్నారు. కంచం ముందు కూర్చుని నాన్న ఇదంతా ఎవరికో జరిగినట్టు చెప్పి, చివర్న అడిగాడు. "బంతి ఒంగుతుందా అమ్మా? పుస్తకాల్లో ఏముంది?"

రఫ్ నోట్సులోంచి కాగితం చింపి, గోడ గీసి, లంబం గీసి, పతనకోణం పరావర్తన కోణం, రెండూ సమానం, బాణం గుర్తులతో సహా, ఒంగదు నాన్నా, కాంతి అయినా బంతి అయినా అంతే. అదే రకం కాగితం ఆయన ఆ రోజు అప్పటికే ఒకటి చూసి వచ్చాడని ఆ తెలివిగల పిల్లకి తట్టలేదు. కూతురి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు, అన్నం తిన్నాడు, కూర బాగుందని అమ్మతో కూడా అన్నాడు. ఆ నెల పోయి తర్వాతి నెల మొదటి ఆదివారం, గుడిలో ప్రభు సంస్కారానికి అందరూ వరసకట్టి రొట్టె, రసం తీసుకోవడానికి ముందుకు వెళ్తుంటే, నాన్న మోకాళ్ళు పక్కకి తిప్పి అమ్మకి దారిచ్చి బెంచీలోనే ఉండిపోయాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. ఆ తర్వాతి నెలా అంతే. పదకొండేళ్ళు, ఏడాదికి పన్నెండు, లెక్కలు చెప్పుకునే మనిషికి కూడా ఆ లెక్క కట్టాలనిపించదు. తప్పుడు ఒట్టు పెట్టినవాడు ఆ రొట్టె ముట్టుకోకూడదని ఆయన నమ్మకం. గుడి పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి అడిగినా, అమ్మ ఏడ్చినా మాట కదల్లేదు. ఒట్టు తప్పుడుదని ఆయనకి చెప్పింది ఎవరు? జక్కయ్య గారు చెబితే ఆయన నమ్మలేదు కదా. కన్నకూతురు చెబితే నమ్మాడు. హెప్సిబా రుమాలు మూట టేబుల్ అంచున పెట్టి అరచేతుల పౌడరు పంజాబీ డ్రస్సుకే తుడుచుకుంది. పోరంకి వచ్చి ఉంటుంది బస్సు. ఎక్కి ఉంటే.

ఇప్పుడు ఆయన కంకిపాడులో లారీ కాటా దగ్గర పని చేస్తాడు, బరువు చూసి అంకె చెప్పే పని, ఆ అంకె రెండుసార్లు చూడనిదే నోరు విప్పడు, డ్రైవర్లు హారన్లు కొట్టినా సరే. కన్ను మీద నమ్మకం పోయిన మనిషి అలాగే ఉంటాడు. ఆ నమ్మకం తీసేసింది నేనే, అని ఆమె ఎన్నోసార్లు అనుకుంది గానీ పైకి అనలేదు. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆ ఏడాది నుంచే నాన్నకి ఆమె విషయంలో ఎక్కడలేని పిరికితనం పట్టుకుంది. అంతకుముందు ఏలూరు కాలవలో ఈత నేర్పించిన మనిషే, అరకు ఎక్స్‌కర్షన్‌కి పంపనన్నాడు. డిగ్రీలో పచ్చకామెర్లు వస్తే, కామెర్లే కదా, ఊళ్ళో సగంమందికి వస్తాయి, ఆయన నలభై రోజులు ఒంటిపూట తిని ప్రార్థన చేశాడు, రాత్రి లేచి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేవాడు. పరీక్ష సెంటరు బయట మూడు గంటలు ఎండలో నిలబడేవాడు. ముసలితనం వచ్చేస్తోంది మీ నాన్నకి అనేది అమ్మ. నలభై ఆరేళ్ళకి ముసలితనమేంటి.

రెండో దెబ్బ కూడా తిన్నగానే పోయింది. మూడోదీ అంతే. ప్రొట్రాక్టరు తీసి కొలిచింది, వచ్చిన కోణానికీ పోయిన కోణానికీ ఐదారు డిగ్రీల తేడా ఉంది, అంటే పుస్తకం చెప్పినట్టూ లేదు, నాన్న చెప్పినట్టూ లేదు. ఇది ఇంకా బాగుంది. గురువారం క్లాసులో ఎంత స్పష్టంగా కనపడింది. జారే బంతి వేరు, దొర్లే బంతి వేరు అని బోర్డు మీద రాస్తోంది, ఘర్షణ ఎటు, తిరుగుడు ఎటు అని ఎప్పుడూ చెప్పేదే, నాలుగేళ్ళుగా చిలకలా చెబుతున్నదే, చెబుతూ చెబుతూ, దొర్లే బంతి గోడకి తగిలితే, అని వాక్యం మొదలుపెట్టి ఆగిపోయింది. బంతి వెనక్కి తిరుగుతుంది, సరే. దాని దొర్లుడు కూడా వెనక్కి తిరుగుతుందని ఎవరు చెప్పారు? అది ఇంకా పాత వైపే, గోడ వైపే దొర్లాలని చూస్తూ ఉంటుంది, గుడ్డ దాన్ని అటే లాగుతుంది, అలా లాగితే దారి తిన్నగా ఎందుకుంటుంది. చాక్‌పీసు చేతిలో అలాగే ఉంది, అరవైమంది పిల్లలు పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. "మేడం, ఇంపార్టెంటా?" అని అడిగారు వెనక బెంచీవాళ్ళు. ఇంపార్టెంటే నాయనా, మీక్కాదు. స్టాఫ్‌రూంలో కళ్ళు తుడుచుకుంటుంటే చాక్‌పీసు దుమ్మని అబద్ధమాడింది. కాగితం మీద అప్పుడే లెక్క వేసుకుంది, ఒంగుతుందనే తేలింది. కానీ కాగితం మీద ఒకసారి తేల్చి ఏం చేసిందో తెలుసు కదా, ఈసారి కాగితం తీసుకుని నాన్న దగ్గరికి పోయే మొహం లేదు. కళ్ళారా చూడాలి. చూస్తుంటేనేమో ఒంగట్లేదు.

"మేడం, ఏమీ అనుకోకండి" అన్నాడు శివాజీ, ఎప్పుడొచ్చాడో పక్కనే నిలబడి. "అంత గట్టిగా, అందులోనూ మధ్యలో కొడితే బంతి దొర్లదండీ. జారుకుంటూ పోతుంది. దొర్లాలంటే కొంచెం పైన కొట్టాలి, మెత్తగా. ఇది మీ చదువులో ఉండదులెండి, ఇక్కడి వాళ్ళకి తెలిసే ముచ్చట."

హెప్సిబా అతని మొహంలోకి చూసింది. కోప్పడాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు. "అదేరా నువ్వు ఛాయిస్‌లో వదిలేసిన చాప్టరు" అంది. శివాజీ నాలిక కరుచుకున్నాడు. మరి కుషన్‌కి తగిలాక ఒంగుతుందా అని అడిగితే, ఒంగుతుందని కొందరు, ఒట్టిదేనని కొందరు, పందేలు కాస్తారు, కొట్టుకునేదాకా పోతారు, నిజంగా చూసినవాడు మాత్రం ఎవడూ లేడన్నాడు. బంతి పోతుంటే అందరూ అది ఎక్కడికి చేరుతుందా అని చూస్తారు, ఎలా పోతోందని ఎవరు చూస్తారండీ, అన్నాడు. జారే బంతిని కొట్టి దొర్లే బంతి సంగతి తేల్చబోయింది తను, నాలుగేళ్ళు అదే పాఠం చెప్పి. తలమీద మొట్టికాయ వేసుకోవాలనిపించింది, చేతినిండా పౌడరు. మనసు మాత్రం ఒక్కసారిగా తేలికపడింది, ఇంకా ఏమీ ఓడిపోలేదు, అసలు ఆటే మొదలవలేదు. శివాజీ బ్రష్షుతో గుడ్డ శుభ్రం చేశాడు, ఆమె మళ్ళీ పౌడరు దులిపింది. కానూరు దాటి ఉంటుంది బస్సు. దాటి ఉండాలి. కండక్టరు చిల్లర కోసం ఆపకపోతే, నాన్న మధ్యలో మనసు మార్చుకుని దిగిపోకపోతే.

మెత్తగా, పైన. మోచెయ్యి ఒంటికి దగ్గరగా, నాన్న మోచెయ్యి గుర్తుచేసుకుంది. చిన్నప్పుడు తను మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చుంటే, మెంబర్లు ఎవరూ లేని ఆ అరగంట నాన్న ఒక్కడే ఆడుకునేవాడు. చప్పుడు లేకుండా, ఎవరి సొమ్మో దొంగిలిస్తున్నట్టు, కానీ మొహం ఎంత బాగుండేదో. ఆ మొహం చూసి పదకొండేళ్ళయింది. తెల్లబంతి నిదానంగా దొర్లుతూ పోయి కుషన్‌ని తాకింది, తాకి వెనక్కి, కొంచెం నిటారుగా బయటికొచ్చింది, ఒక జానెడు దూరం వచ్చేలోపే ఏదో గుర్తొచ్చినట్టు కుషన్ వైపు మొగ్గి, అక్కణ్ణుంచి కొత్త దారిన తిన్నగా పోయింది. ఆమె బంతి వెంట పోలేదు. గీతనే చూస్తూ ఉండిపోయింది. శివాజీ దీపాన్ని కాస్త కిందికి దించాడు. హ్యాండ్‌బ్యాగులోంచి తెల్లదారం రీలు తీసి, తాకిన చోట ఒక కొస తను పట్టుకుని, ఆగిన చోట ఇంకో కొస అతనికిచ్చి బిగలాగింది. దారానికీ గీతకీ మధ్య రెండు వేళ్ళు పడుతున్నాయి. చూపుడు వేలూ మధ్య వేలూ జాగాలో పెట్టి చూసుకుంది, నిజంగానే పడుతున్నాయి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ రెండు వేళ్ళు. ఇంకొంచెం వేగం పెంచి, బంతి నెత్తిన కొట్టింది, మూడు వేళ్ళు. శివాజీ కొట్టాడు, అతని చెయ్యి తిరిగింది కాబట్టి నాలుగు. "ఓర్నాయనో" అన్నాడు శివాజీ, "మూడేళ్ళ నుంచి నా టేబుల్ మీద ఇది జరుగుతోందా?" జరుగుతోందిరా, నీ టేబుల్ మీదా, క్లబ్బు టేబుల్ మీదా, ఎక్కడ బంతి దొర్లితే అక్కడ జరుగుతోంది, ఇంజనీరు జక్కయ్య గారు కాగితం మీద గీత గీసుకుంటుంటే కూడా జరిగింది. నల్లబంతి పక్కనుంచి రెండు వేళ్ళ సందులో తెల్లబంతి ఒంగి పోయింది, చూసినవాడు ఒక్కడే, ఆ ఒక్కణ్ణీ అబద్ధాలకోరును చేశారు, చేసినవాళ్ళలో నేనున్నాను. ఆమెకి సంతోషంతో ఏడవాలనిపించింది, ఎగరాలనిపించింది, ఏదీ చేయకుండా కిటికీ దగ్గరికి పోయింది.

బస్సు వచ్చింది. వచ్చి వెళ్ళిపోయింది కూడా. ఆగిన చోట ఐదారుగురు దిగి చెదిరిపోతున్నారు, అందులో ఒకడు చెదిరిపోకుండా నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. నాన్న. మందుల షాపు బోర్డు చదివాడు. మెల్లగా తల పైకెత్తి మేడ మీది బోర్డు చూశాడు, దాని మీద ఎనిమిదో నంబరు వేసిన నల్లబంతి బొమ్మ, బిందె అంత ఉంటుంది, చూపు ఆననివాళ్ళకి కూడా కనపడేలా వేయించాడు శివాజీ మహానుభావుడు. నాన్న ఆ బొమ్మని చూశాడు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వెనక్కి తిరిగాడు. రోడ్డు దాటి అవతలి బస్టాపు వైపు, కంకిపాడు వైపు పోయే బస్సులు ఆగే చోటికి, ఎవరిమీదా కోపం లేనట్టు నడవడం మొదలుపెట్టాడు. మెట్లు దిగి పరిగెత్తితే అందుకోవచ్చు, కానీ అందుకుని ఏం చెప్పాలి, రా నాన్నా అంటే ఊఁ అంటాడు, ఆ ఊఁ ఏ రకందో ఆమెకి తెలుసు. కిటికీ రెక్క పూర్తిగా తోసి, నడుం దాకా బయటికి వంగి, జన్మలో ఎప్పుడూ అంత గట్టిగా అరవని హెప్సిబా మేడం, పటమట మెయిన్ రోడ్డు మీద ఆటోవాళ్ళూ పూలబండివాళ్ళూ తలెత్తి చూసేలా అరిచింది. "నాన్నా! ఒంగింది! బంతి ఒంగింది నాన్నా!"

రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. ఆటో ఒకటి తిట్టుకుంటూ పక్కనుంచి పోయింది. ఆయన తల ఎత్తి చూస్తున్నాడు, అంత దూరం నుంచి మొహం తెలియట్లేదు, గొడుగు మాత్రం కదలట్లేదు. ఎంతసేపని లెక్క పెట్టలేదు, ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది, ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి ఎక్కే చప్పుడు.

లోపలికొచ్చి ముందు చెప్పులు విప్పాడు. శివాజీ నమస్కారమండీ అంటే తలూపాడు. ఆమె ఏదేదో చెబుతోంది, జారడం, దొర్లడం, ఘర్షణ, అన్నీ కలగాపులగంగా, దారం పట్టుకుని, రెండు వేళ్ళు పెట్టి చూపిస్తూ, నేను తప్పు చెప్పాను నాన్నా ఆ రోజు, నువ్వు చెప్పిందే నిజం, నీ ఒట్టు తప్పు కాదు. ఎలీషా గీత మీదకి వంగి చాలాసేపు చూశాడు. మొహం వెలుగుతుందనుకుంది. వెలగలేదు. పక్కనున్న బెంచీ మీద కూర్చుని గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"నేను చూళ్ళేదమ్మా" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"బంతి ఒంగటం నేను చూళ్ళేదు. మార్కరు చూడాల్సింది కొట్టిన బంతిని కాదు, తగలకూడని బంతిని. నా కళ్ళు నల్లబంతి మీద ఉన్నాయి. అది కదల్లేదు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అదొక్కటే నేను చూసింది. మరెలా పోయింది చెప్పమని మీదపడితే, ఒంగి ఉంటుందనుకుని, ఒంగిందన్నాను. చూశావా అన్నారు. చూశానన్నాను. ఏ కూతురికి సీటు ఇప్పించాడో ఆ కూతురి మీద ఒట్టెయ్యరా అన్నాడు జక్కయ్య గారు. వేశాను. నీ మీద వేశాను, చూడనిదాన్ని చూశానని. ఇంటికొచ్చి అడిగితే నువ్వు ఒంగదన్నావు."

అరకు ఎక్స్‌కర్షన్. పరీక్ష సెంటరు బయట ఎండ. ముక్కు దగ్గర పెట్టిన వేలు. హెప్సిబా బెంచీ అంచు పట్టుకుంది. పదకొండేళ్ళు ఆయన తన కన్ను గురించి భయపడ్డాడనుకుంది తను, ఆయన భయపడింది కూతురి ప్రాణం గురించి. ప్రతి జ్వరానికీ, ప్రతి ప్రయాణానికీ, ఆలస్యమైన ప్రతి సాయంత్రానికీ ఆ ఒట్టు వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంటుంది. పిచ్చి నాన్నా, అనాలనిపించింది. ప్రేమ ఇంత బరువుగా ఉంటుందని తెలియక, దాన్ని ఇంతకాలం పిరికితనమని వెక్కిరించింది తను.

"ఇప్పుడు ఒంగిందని తేలిందిగా నాన్నా."

"నేను చెప్పింది నిజమైంది. నేను చూసినట్టు కాదుగా."

ఇంత సూటిగా ఆలోచించే మనిషిని ఆ గదిలో నిలబెట్టి నవ్వారు. ఆమె గుడ్డ తుడిచింది, పౌడరు దులిపింది, క్యూ కర్ర తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఎలీషా కర్రని అటూ ఇటూ తిప్పి, కొస చూసి, ఒంకరుందని పక్కన పెట్టి గోడకున్న వాటిల్లోంచి ఇంకోటి తీసుకున్నాడు. తన బంతిని తనే పెట్టుకున్నాడు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా వచ్చింది. చప్పుడు లేకుండా కొట్టాడు. బంతి దొర్లుతూ పోయింది, కుషన్‌ని తాకింది, ఆయన కళ్ళు దాని వెంటే పోయాయి, నిటారుగా బయటికొచ్చి, మొగ్గి, పక్కకి తిరిగి, తన దారిన పోయేదాకా రెప్ప వెయ్యలేదు. ఆ మొహాన్ని ఆమె చూసింది, బెంచీ మీద క్యారేజీతో కూర్చున్న వయసు తర్వాత మళ్ళీ ఇప్పుడే.

"చూశాను" అన్నాడు ఎలీషా. మళ్ళీ అన్నాడు, "చూశానమ్మా." కర్ర కొసకి అంటిన పౌడరు తుడుస్తూ, "సాయంత్రం ఆరాధన ఎన్నింటికిక్కడ?" అని అడిగాడు.

"ఆరింటికి. సంస్కారం ఉంది."

"ఐదింటికే పోదాం. ముందు అయ్యగారికి చెప్పుకోవాలి, చూడకుండా చూశానన్నాను అని. నువ్వూ రావాలి, నీ మీదే కదా వేసింది."

"నేనూ చెప్పుకోవాలి నాన్నా. నేనూ చూడకుండానే చెప్పాను, ఒంగదని."

ఎలీషా ఆమె వైపు తిరిగి, ఇంత పెద్ద లెక్చరరు ఇంత చిన్న విషయం వేరే చెప్పాలా అన్నట్టు చూశాడు. "ముందు నేను. వరసలో నా వెనక నిలబడు" అన్నాడు. హెప్సిబా నవ్వబోతే ఏడుపొచ్చింది, ఏడుస్తుంటే నవ్వొచ్చింది, ఆయన మాత్రం అప్పటికే బంతిని మళ్ళీ మొదటి చోట పెట్టి, దీపం ఇంకాస్త కిందికి దించమని శివాజీకి చెబుతున్నాడు.